మామయ్య, మెహతా, ఒక ఖాళీ దెబ్బ

"వచ్చే బుధవారం రీరికార్డింగ్‌కి నేనే కండక్టర్‌ని" అని మామయ్య మద్రాసు నుంచి కార్డు రాస్తే, అమ్మమ్మ దాన్ని నాచేత రెండుసార్లు చదివించుకుంది. కళ్లజోడు సర్దుకుని, "ఏ డిపోలోరా?" అంది.

ఇరవై ఏళ్ల పాటు వయొలిన్ వాయించి, చివరికి బస్సులో టికెట్లు కొట్టే ఉద్యోగానికి దిగాడా అని ఆవిడ బెంగ. తెనాలిలో మాకు తెలిసిన కండక్టర్లు భుజాన తోలు సంచీ వేలాడేసుకుని "రైట్ రైట్" అనేవాళ్లే మరి. కాదు అమ్మమ్మా, రీరికార్డింగ్ అంటే సినిమా వెనక వినపడే సంగీతం వాయించడం, వాయించేవాళ్లకి ఎదురుగా నిలబడి చేతులు ఊపుతాడు, అందరూ ఆ ఊపు చూసి వాయిస్తారు అని నాకు తెలిసినంతలో చెప్పాను. "వాడు మాత్రం వాయించడా?" "వాయించడు." "మరి డబ్బులు దేనికిస్తారు?" అంది. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. అది 1981.

నేను మాత్రం కండక్టర్ అనేవాడిని అంతకు నాలుగేళ్ల ముందే చూశాను. 1977 వేసవి సెలవులకి మామయ్య నన్ను మద్రాసు తీసుకెళ్లి, వడపళని దగ్గర ఒక స్టూడియోలో ఒక మూల స్టూలు మీద కూర్చోబెట్టాడు. దగ్గొస్తే బయటికి పరిగెత్తాలి, తుమ్ము వస్తే ముక్కు పట్టుకోవాలి, ఎర్ర లైటు వెలిగితే ఊపిరి కూడా మెల్లిగా పీల్చాలి అని షరతులు. పెద్ద హాలు, వణికించే చల్లదనం. ఎదురుగా తెర మీద సినిమా ముక్క మాటల్లేకుండా కదులుతోంది. వయొలిన్ల వాళ్లే పాతికమంది దాకా ఉన్నారు. మామయ్యది చివరి వరస. అద్దాల గదిలో సంగీత దర్శకుడు, ఇంజనీరు. వాళ్లకీ వీళ్లకీ మధ్య, నొటేషన్ కాగితాలు పెట్టుకున్న స్టాండు ముందు ఒకాయన నిలబడి పెన్సిలుతో గాలిని కొడుతున్నాడు.

నాకు ఆశ్చర్యం వేసిందేమిటంటే, ఆయన పెన్సిలు కిందికి వచ్చాక, ఒక వెంట్రుకవాసి ఆలస్యంగా పాట పుడుతోంది. ఎక్కడో దూరంగా చాకలివాడు బండకేసి బట్ట కొడితే చప్పుడు తర్వాత వినపడినట్టు.

రాత్రి డాబా మీద పడుకున్నప్పుడు అడిగాను. మామయ్య సంగీతం గురించి మాట్లాడితే మామూలుగా కంటే మెల్లిగా మాట్లాడేవాడు. "మన కచేరీలో తాళం ఎవరు వేస్తార్రా? పాడేవాడు తొడ మీద వేస్తాడు, ముందు వరసలో కూర్చున్న ముసలాయన వేస్తాడు, వెనకాల పకోడీలు తినేవాడూ వేస్తాడు. అందరి తాళం అందరి దగ్గరా ఉంటుంది. అక్కడ అలా కాదు. ఎనభై మంది, ఎవరి చేతులూ ఖాళీ లేవు. అందరి తాళమూ ఒక్కడి చేతిలో పెట్టి కూర్చుంటారు." కుడి చేతిది లెక్క, ఎడమ చేతిది మనసు అన్నాడు. నాలుగు దెబ్బల తాళమైతే కింద, ఎడమ, కుడి, పైన. ఎడమ చెయ్యి మాత్రం 'పెంచు, తగ్గించు, నువ్వు రా, నువ్వు ఆగు' అని చెబుతుంది. చీకట్లో ఆయన చేతులు ఆడిస్తూ చూపించడం నాకు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టు ఉంది. అప్పుడే మొదటిసారి ఆయన నోట జుబిన్ మెహతా పేరు విన్నాను. విదేశాల్లో పెద్ద పెద్ద ఆర్కెస్ట్రాలకి కండక్టర్ అయిన మన దేశస్థుడు.

మామయ్య దగ్గర మెహతా బొమ్మ ఒకటి ఉండేది, ఇంగ్లీషు పత్రికలోంచి కత్తిరించింది. వయొలిన్ పెట్టె మూత లోపలి వైపు అంటించుకున్నాడు. మిగతావాళ్ల పెట్టెల్లో తిరుపతి వెంకన్నో, కన్యక మేరీయో ఉంటే ఈయన పెట్టెలో నల్లకోటు వేసుకున్న పార్శీ కుర్రాడు. ఇద్దరికీ రెండేళ్లే తేడా. మెహతా 1936 ఏప్రిల్ 29న బొంబాయిలో పుట్టాడు. మామయ్య పుట్టింది 38లో. "నాకంటే రెండేళ్లు పెద్ద అంతే" అనేవాడు, ఆ రెండేళ్లలోనే అసలు సంగతంతా జరిగిపోయినట్టు.

మెహతా తండ్రి మెహ్లీ మెహతా. గురువు దగ్గర పెద్దగా నేర్చుకోకుండా, రికార్డులు విని వయొలిన్ పట్టుకున్న మనిషి. 1935లో బొంబాయి సింఫనీ ఆర్కెస్ట్రా పెట్టాడు. దాంట్లో వాయించినవాళ్లు ఎవరనుకున్నారు? సంగీతం పిచ్చి ఉన్న పార్శీలు, హోటళ్లలో డాన్సు పాటలు వాయించే గోవా వాళ్లు, బూరలు ఊదడానికి నేవీ బ్యాండు వాళ్లు. ఆ గోవా వాళ్లే పొద్దున్న లేస్తే హిందీ సినిమా స్టూడియోల్లో వాయించేవాళ్లు, మనవాళ్లు పాడే రాగాన్ని కాగితం మీద గీతల్లోకి దించిపెట్టేవాళ్లు. మామయ్యకి ఈ కథలో అన్నిటికంటే నచ్చింది ఇదే. "చూశావా, ఆయన పెరిగింది మాలాంటి వాళ్ల మధ్యే" అనేవాడు. ఇంట్లో పొద్దున లేస్తే రిహార్సల్, రాత్రి పడుకుంటే రికార్డు. పదహారేళ్లకే ఆ కుర్రాడు తండ్రి ఆర్కెస్ట్రా రిహార్సల్స్‌లో అప్పుడప్పుడు కండక్టర్ ఊపే కర్ర పట్టుకున్నాడు.

ఇంట్లో వాళ్లకి మాత్రం డాక్టర్ని చెయ్యాలని. సెయింట్ జేవియర్స్ కాలేజీలో మెడిసిన్ వైపు చదువు రెండేళ్లు చదివాడు, తర్వాత వదిలేశాడు. 1954లో, పద్దెనిమిదేళ్లకి, వియన్నా రైలెక్కించారు. రైలు కాదు, ఓడ అయి ఉంటుంది. మామయ్య చెప్పేటప్పుడు రైలనే చెప్పేవాడు, తాను తెనాలి స్టేషన్లో ఎక్కిన రైలులాంటిదే అన్నట్టు. అక్కడ వియన్నా ఫిల్‌హార్మోనిక్ బ్రామ్స్ మొదటి సింఫనీ వాయిస్తుంటే, కార్ల్ బోమ్ కండక్ట్ చేస్తుంటే విన్నాడు. అసలైన ఆర్కెస్ట్రా ఎలా మోగుతుందో ఆ రోజే తెలిసిందట. పుట్టినప్పటి నుంచి ఆర్కెస్ట్రా ఇంట్లో పెరిగినవాడికి!

గురువు హాన్స్ స్వరోవ్‌స్కీ. తోటి విద్యార్థి క్లాడియో అబాడో, తర్వాత అంత పేరూ తెచ్చుకున్న ఇటలీవాడు. పెద్ద కండక్టర్లు రిహార్సల్ చేసేటప్పుడు హాల్లోకి బయటివాళ్లని రానివ్వరు. వీళ్లిద్దరూ ఏం చేశారంటే, కోరస్‌లో పాడేవాళ్లుగా చేరిపోయారు. పాడుతున్నట్టు నిలబడి, ఎదురుగా కర్ర పట్టుకున్నవాళ్ల చేతుల్ని చూస్తూ నేర్చుకున్నారు. ఈ ముక్క మామయ్య కనీసం వందసార్లు చెప్పాడు. ఎందుకంటే మద్రాసు వచ్చిన కొత్తలో ఆయన చేసిందీ అదే. కర్ణాటక పద్ధతిలో, కింద కూర్చుని, వయొలిన్ తల పాదం మీద ఆనించి వాయించినవాడు. స్టూడియోలో కుర్చీ, గడ్డం కింద వయొలిన్, ఎదురుగా గీతల కాగితం. మొదటి ఆరు నెలలు నొటేషన్ రాకుండా వచ్చినట్టు నటించాడు. పక్కవాడి కమాను ఎటు వెళితే అటు తన కమాను పోనిచ్చి, తంతిని తాకీ తాకనట్టు. రాత్రిళ్లు కొవ్వొత్తి పెట్టుకుని గీతలు నేర్చుకున్నాడు.

1956లో హంగరీ నుంచి జనం పారిపోయి వియన్నా బయట శిబిరాల్లో ఉంటే, మెహతా తోటి విద్యార్థుల్ని పోగేసి వారం రోజుల్లో ఒక ఆర్కెస్ట్రా కట్టి వాళ్లకి కచేరీ చేశాడు. అప్పటికి ఇరవై ఏళ్లు. 1958లో లివర్‌పూల్ పోటీలో గెలిచాడు. తర్వాతిదంతా ఒకరికి జ్వరం వస్తే ఇంకొకరికి అదృష్టం వచ్చినట్టు సాగింది. ఎవరో పెద్దాయన రాలేకపోతే మాంట్రియల్‌లో, ఇంకొకాయన రాలేకపోతే లాస్ ఏంజెలెస్‌లో, మరొకాయన బదులు ఇజ్రాయెల్‌లో నిలబడ్డాడు. నిలబడిన చోటల్లా ఉంచేసుకున్నారు. 1962లో ఇరవై ఆరేళ్లకి లాస్ ఏంజెలెస్ ఫిల్‌హార్మోనిక్‌కి సంగీత దర్శకుడు. 78 నుంచి 91 వరకు న్యూయార్క్. ఇజ్రాయెల్ వాళ్లయితే 1981లో 'జీవితాంతం నువ్వే' అన్నారు. ఇంతా చేసి భారత పౌరసత్వం వదులుకోలేదు.

బదులుగా నిలబడిన రోజు. మామయ్యకీ ఒకటి వచ్చింది. అమ్మమ్మకి కార్డు రాసిన బుధవారం అదే. మామూలుగా కండక్ట్ చేసే ఆయన కూతురి పెళ్లికి సెలవు పెట్టాడు.

ఏం జరిగిందో నాకు వెంటనే తెలియలేదు. తర్వాత కార్డులో "బుధవారం పని అయిపోయింది, అందరం క్షేమం" అని మాత్రం ఉంది. చాలా ఏళ్లకి, అదీ ముక్కలు ముక్కలుగా చెప్పాడు. తెర మీద ఒక ఆడమనిషి తలుపు తీస్తుంది. తీసిన క్షణం మీద దెబ్బ, కానీ ఆ దెబ్బలో ఎవరూ వాయించకూడదు. అది ఖాళీ. అర అక్షరం ఆగి తీగలన్నీ ఒక్కసారి లేవాలి. మన భాషలో ఎడుపు, అంటే పాట ఎత్తుకునే చోటు, తాళం మీద కాకుండా తర్వాత వస్తుందన్న మాట. పాడేవాళ్లకి ఇది కొత్తా కాదు, కష్టమూ కాదు. కానీ చేత్తో చూపించాలి. ఖాళీని ఎలా చూపిస్తావు? మామయ్య పెన్సిలు దించాడు. సగం మంది ఖాళీ అనుకున్నారు, సగం మంది పాట అనుకున్నారు. రీలు వెనక్కి తిప్పి మళ్లీ పెట్టారు. మళ్లీ అంతే. మూడోసారి చెయ్యి వణికింది. ఎర్ర లైటు ఆరిపోయింది. ఎవరూ తిట్టలేదు. అద్దాల గదిలోంచి మైకులో "కాస్త కాఫీ తాగుదాం" అన్నారు. కాఫీ అయ్యాక పెన్సిలు ఇంకొకరి చేతిలో ఉంది. మామయ్య వెళ్లి తన చివరి వరసలో కూర్చుని ఆ ముక్క వాయించాడు. "ఒక్క టేక్‌లో అయిపోయింది" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేదని కూడా అన్నాడు.

మళ్లీ పెన్సిలు పట్టలేదు. పెట్టె మూతలో మెహతా బొమ్మ మాత్రం తీయలేదు.

ఆ తర్వాతి ఏళ్లు త్వరగా చెప్పేస్తాను, చెప్పడానికి అంత బాగోవు. కీబోర్డులు వచ్చాయి. ఒక కుర్రాడు రెండు చేతులతో పాతిక వయొలిన్లు మోగించేశాడు. చెవిలో హెడ్‌ఫోన్ పెట్టి టిక్ టిక్ టిక్ అని క్లిక్ ట్రాక్ వినిపిస్తే ఎదురుగా చెయ్యి ఊపేవాడి అవసరమూ తగ్గింది. నెలకి ఇరవై కాల్షీట్లు ఉన్నవాళ్లకి నాలుగు, తర్వాత రెండు. 1992లో మామయ్య తెనాలి వచ్చేసి పిల్లలకి వర్ణాలు చెప్పుకున్నాడు. కింద కూర్చుని, వయొలిన్ తల పాదం మీద ఆనించి. గడ్డం కింద పెట్టుకోవడం అలవాటైన ఒళ్లు మళ్లీ వంగడానికి చాలా రోజులు పట్టిందట.

ఆయన దగ్గర ఒక క్యాసెట్ ఉండేది. రవిశంకర్ సితార్‌కీ ఆర్కెస్ట్రాకీ కలిపి రాసిన రెండో కాన్చెర్టో, రాగమాల. 1981లో న్యూయార్క్‌లో మొదట వాయించినప్పుడు మెహతాయే కండక్టర్. మామయ్యకి ఆ ఏడాదే ఎందుకు గుర్తుండేదో వేరే చెప్పక్కర్లేదు. వింటూ రెండు రకాలుగా మాట్లాడేవాడు. యమన్ కల్యాణ్, అంటే మన కల్యాణి రాగానికి దగ్గరిది, దాని దగ్గరికి రాగానే కర్ణాటక బుర్ర లేచి "స్వరాలన్నీ ఉన్నాయి, గమకం ఏదిరా, ఉతికి ఇస్త్రీ చేసినట్టుంది కల్యాణి" అనేవాడు. రెండు నిమిషాలకి స్టూడియో బుర్ర లేచి "అంతమంది ఒక్క కమాను లాగా లాగడం చూడు" అని మురిసిపోయేవాడు. రెండింటికీ ఆయన దగ్గర రాజీ కుదరలేదు. నాకు రెండోదే నిజమనిపించేది, కానీ స్వరాన్ని ఊపి పలికించే ఆ గమకాలు వినే చెవి నాకు లేదు.

2005 నాటికి నేను చెన్నైలో ఉద్యోగంలో ఉన్నాను. సునామీ వచ్చి ఏడాది అయిన రోజున, డిసెంబర్ 26న, మెహతా బవేరియన్ స్టేట్ ఆర్కెస్ట్రాతో మ్యూజిక్ అకాడమీలో స్మారక కచేరీ చేస్తున్నాడని పేపర్లో వచ్చింది. చెన్నైలో ఆ ఆర్కెస్ట్రాకి అదే మొదటి కచేరీ. మామయ్యకి ఫోన్ చేశాను. ఏమీ మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్నే చేతిసంచీతో మా గుమ్మంలో ఉన్నాడు. రిజర్వేషన్ లేకుండా జనరల్ పెట్టెలో, అరవై ఏడేళ్ల వయసులో.

పాసుల కోసం నేను పడిన పాట్లు చెప్పను. ఒక్కటే దొరికింది. "నువ్వెళ్లరా, నాకెందుకు" అని ఆయన, "మామయ్యా, ఇంక మాట్లాడకు" అని నేను, గేటు దగ్గర రెండు నిమిషాలు అదొక నాటకం. చివరికి ఆయన లోపలికి, నేను రోడ్డు మీదికి. మార్గళి నెల, అకాడమీ చుట్టూ పట్టుచీరలు, మల్లెపూలు, క్యాంటీన్ కాఫీ కబుర్లు ఉండే రోజులు. నేను ఎదురు ఫుట్‌పాత్ మీద మూడు టీలు తాగాను. లోపల్నుంచి ఒక్క స్వరం కూడా బయటికి రాలేదు. ఆ గోడలు అంత మందం అని అప్పుడే తెలిసింది.

బయటికి వచ్చాక చాలాసేపు మాట్లాడలేదు. ఎలా ఉన్నాడు, ఏం చేశాడు అని నేను అడుగుతుంటే, "రెండో వయొలిన్లలో చివరి వరసలో ఒక ముసలాయన ఉన్నాడ్రా" అన్నాడు. "పేజీ తిప్పడం ఆయన పని. పక్కవాడు వాయిస్తూనే ఉంటాడు, ఈయన చటుక్కున కమాను దించి, తిప్పి, మళ్లీ కలిసిపోతాడు. ఒక్కసారి కూడా చప్పుడు కాలేదు." "మరి మెహతా?" "చూశాను" అన్నాడు. అంతే. ముప్పై ఏళ్లు పెట్టెలో బొమ్మ అంటించుకుని, తీరా మనిషి ఎదురుపడితే చివరి వరసలో కూర్చున్నవాణ్ణి చూసి వచ్చాడు. ఆటోలో ఇంటికి వెళ్తూ మాత్రం, "ఆయన ఎక్కువ ఊపడు. నేను ఎక్కువ ఊపాను" అన్నాడు. అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ తనని ఆయనతో కలిపి ఒక్క మాట అనగా నేను వినలేదు.

మెహతా గురించి మామయ్యకి నేను ఇచ్చిన సమాచారం ఒక్కటే, ఆయనకి తెలియనిది. మెహతా ఎక్కడికెళ్లినా చిన్న డబ్బాలో పచ్చిమిరపకాయలు పెట్టుకుని వెళ్తాడని, లాస్ ఏంజెలెస్ ఇంటి పెరట్లో పండించుకుంటాడని, ఎంత పెద్ద విందులోనైనా డబ్బా తీసి కొరుక్కుంటాడని ఎక్కడో చదివి చెప్పాను. మామయ్య ముఖం వెలిగిపోయింది. "మన గుంటూరు జిల్లా మనిషేరా, పొరపాటున బొంబాయిలో పుట్టాడు." అప్పటికే బీపీ, అల్సరు అని అత్తయ్య ఆయన కంచంలో కారం కనపడనిచ్చేది కాదు.

2013 సెప్టెంబర్ 7న నేను తెనాలిలోనే ఉన్నాను. శ్రీనగర్ షాలిమార్ బాగ్‌లో మెహతా కచేరీ దూరదర్శన్ ప్రత్యక్ష ప్రసారం. ఆ కచేరీ మీద అక్కడ పెద్ద గొడవే నడిచింది. లోయలో బంద్, పిలిచినవాళ్లకే ప్రవేశం, దానికి పోటీగా ఇంకొక కచేరీ. ఈసారి వస్తే అందరూ వచ్చేలా స్టేడియంలో చేద్దాం అని మెహతాయే అన్నాడు. మామయ్యకి అప్పటికి డెబ్భై ఐదు. మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. కుడి చెయ్యి కొంచెం వణికేది, వయొలిన్ మానేసి రెండేళ్లయింది. తెర మీద చినారు చెట్లు, కాశ్మీరీ వాద్యాలతో కలిపి వాయించిన ముక్క ఒకటి. దానికి "బాగుంది" అన్నాడు, మర్యాదకి అన్నట్టు.

తర్వాత బీథోవెన్ ఐదో సింఫనీ. డడడ డాఁ అని అందరికీ తెలిసినదే, తలుపు కొట్టినట్టుంటుంది.

"ఆగు, ఆగు, సౌండ్ పెంచు" అని మామయ్య ముందుకి వంగాడు. "ఇది మూడు స్వరాలతో మొదలవుతుందనుకుంటారు అందరూ. కాదు. మొదట అర అక్షరం ఖాళీ ఉంది. మొదటి దెబ్బ ఖాళీ మీదే పడుతుంది. ఆ దెబ్బలో ఎవరూ వాయించకూడదు." గొంతు బాగా తగ్గిపోయింది. "ప్రపంచంలో ఎంత పెద్ద కండక్టరుకైనా ఇక్కడ గుండె దడే."

తెర మీద ఆ ముసలాయన చెయ్యి పైకి లేచింది. మంచం మీద ఈ ముసలాయన చెయ్యి కూడా దుప్పటి మీంచి లేచింది, వణుకుతూనే. రెండూ కిందికి దిగాయి. ఖాళీ. ఆ వెంటనే టీవీలో తీగలన్నీ ఒక్కసారి లేచాయి.

మామయ్య చెయ్యి దుప్పటి మీద పెట్టి, సింఫనీ అంతా కదలకుండా విన్నాడు. అయిపోయాక అత్తయ్య కంచం తెచ్చింది. ముద్దపప్పు, చప్పటి బీరకాయ కూర.

"ఊరమిరపకాయలు వేయించి పట్రా" అన్నాడు.

"డాక్టరు వద్దన్నాడు కదండీ."

"ఆయన జేబులో ఉంటే తప్పు లేదు గానీ నా కంచంలో ఉంటే తప్పొచ్చిందా?"

అత్తయ్య టీవీ వైపు, నా వైపు అనుమానంగా చూసి వంటింట్లోకి వెళ్లింది. రెండు వేయించి తెచ్చింది. మామయ్య రెండూ తిన్నాడు, కళ్లల్లో నీళ్లు కారుతుంటే తుడుచుకోకుండా.